ఈ రోజు పంటు ఉంది

పంటు నడుస్తుందో లేదో జనానికి చెప్పడానికి మూడు నాలుగు మాటలు చాలునని మా లంకలో చాలాకాలం అనుకునేవాళ్ళం. అది ఎంత బాధ్యతారాహిత్యమో ఈ ఏడాది జనవరి దాకా మాకు తెలియదు.

మాది గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా, నది మధ్యలో ఉన్న లంక. అవతలి ఒడ్డున పట్నం, మధ్యలో మనుషుల్నీ బళ్ళనీ దాటించే బల్లకట్టు లాంటి పంటు. వేసవి దగ్గరపడితే నదిలో నీళ్ళు పలచబడతాయి. అప్పుడు పంటు ఒక రోజు నడుస్తుంది, ఒక రోజు ఇసుక మేట ఎక్కి కూర్చుంటుంది. ఏ రోజు ఏం చేస్తుందో దాన్ని నడిపే సరంగుకు కూడా ముందు తెలియదు. వంతెన మీదుగా వెళ్ళవచ్చు గానీ అది నలభై రెండు కిలోమీటర్ల చుట్టు.

అందుకని మా యువజన సంఘం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. సంఘం అధ్యక్షుడు లోవరాజన్నయ్య రోజూ పొద్దున్న ఐదు కాకముందే రేవుకు వెళ్ళి, మోకాలి లోతు నీళ్ళలో దిగి చూసి, 'ఈ రోజు పంటు ఉంది' అనో, 'ఈ రోజు పంటు లేదు' అనో గ్రూపులో పెట్టేవాడు. అంతే. పువ్వులు, దండాలు, సూక్తులు ఏమీ ఉండేవి కావు. నా పేరు దుర్గాభవాని. దస్తూరి బాగుంటుందని నన్ను కార్యదర్శిని చేశారు. ఫోనులో నడిచే సంఘానికి దస్తూరి ఎందుకని అప్పట్లో నవ్వుకున్నాను.

ఆ కబురు కోసం లంకంతా చూసేది గానీ, సత్తెమ్మ పిన్ని చూసినట్టు ఎవరూ చూసేవారు కాదు. ఆవిడ భర్త వీరభద్రం బాబాయికి రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. మంగళ, గురు, శనివారాలు పట్నం ఆసుపత్రిలో డయాలసిస్. ఎనిమిదింటికి మిషను దగ్గర ఉండాలి. అరగంట ఆలస్యమైతే ఆ మిషను ఇంకొకరికి ఇచ్చేస్తారు, వాళ్ళదీ ప్రాణమే కదా. పంటు ఉంటే ఆరింటికి రేవుకు వస్తే చాలు. లేకపోతే ఐదున్నరకల్లా ఆటో ఎక్కి వంతెన దారి పట్టాలి. ఐదింటికి వచ్చే ఆ ఒక్క ముక్క మీద బాబాయి ఊపిరి నడిచేదంటే అది ఉన్న మాటే.

ఇంతలో పక్క మండలంలో ఒక యువజన సంఘం వాళ్ళు, వచ్చే నెల నుంచి ఉప్పు దొరకదని గ్రూపులో పెట్టారు. జనం బస్తాలకు బస్తాలు కొన్నారు. కొన్నవారిలో జిల్లా ఆఫీసు పెద్దలు కూడా ఉన్నారని, వాళ్ళిళ్ళలో ఇంకో మూడు తరాలు ఆవకాయ పెట్టినా ఆ ఉప్పు తరగదని చెప్పుకుంటారు. మొత్తానికి ఉప్పు మాయం కాలేదు గానీ, ఆఫీసులో కొత్త కుర్చీ ఒకటి వెలిసింది. 'జిల్లా యువజన సమాచార బాధ్యతా పర్యవేక్షణాధికారి' అన్నది ఆ కుర్చీ పేరు. కూర్చున్నవారి పేరు ధర్మలింగం గారు.

సంఘాలన్నిటినీ పట్నానికి పిలిచి శిక్షణ ఇచ్చారు. 'యువత చేతిలో సెల్‌ఫోను: దీపమా, నిప్పురవ్వా?' అని వేదిక మీద బట్ట కట్టారు. ధర్మలింగం గారు గంటంపావు మాట్లాడారు.

"సామాజిక మాధ్యమాలను సమర్థంగానూ బాధ్యతాయుతంగానూ వినియోగించుకొనుట నేటి యువత తక్షణ కర్తవ్యం. సమర్థత మీ వంతు. బాధ్యత మా వంతు. కావున ఇకమీదట యువజన సంఘాలు ప్రతి సందేశాన్నీ పూర్వానుమతి పొందిన పిమ్మటనే గ్రూపులో ఉంచవలసి ఉంటుంది."

తర్వాత నీలం ఫారాలు పంచారు. ఒక్కో సందేశానికి ఒక్కో ఫారం, మూడు ప్రతులు. మొదటి గడిలో సందేశం. రెండో గడిలో 'ఇది నిజమేనా? అవును / కాదు'. ఆ కింద ఇద్దరు సాక్షుల సంతకాలు, ఎవరి మనోభావాలైనా గాయపడే అవకాశం ఉన్నదా, సందేశం చివర బొమ్మలుంటే వాటి సంఖ్యా, భావమూ. 

లోవరాజన్నయ్య లేచి నిలబడ్డాడు. "అయ్యా, మాది పంటు కబురండి. పొద్దున్నే ఐదింటికి నీళ్ళు సూసి పెట్టాలండి. అనుమతి ఎప్పటికి వత్తాదండి?"

"మూడు పని దినములలో."

"అప్పటికి నీళ్ళు మారిపోతాయండి."

"నీళ్ళు మారవచ్చు బాబూ. నిబంధన మారదు," అన్నారు ధర్మలింగం గారు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం పెట్టారు. భోజనాల మాట వస్తే, ఆ శిక్షణలో ఏ లోపమూ లేదు.

మొదటి ఫారం మంగళవారం పెట్టాం. ఆ పొద్దున పంటు ఇసుకలో కూరుకుపోయింది. 'ఈ రోజు పంటు లేదు' అని రాసి, సాక్షులుగా సరంగు చేతా, టీ కొట్టు సుబ్బలక్ష్మి చేతా సంతకాలు పెట్టించి, వంతెన మీదుగా బస్సులో వెళ్ళి పదకొండింటికి ఆఫీసులో ఇచ్చాను. అనుమతి శుక్రవారం వచ్చింది. రాగానే గ్రూపులో పెట్టాం. శుక్రవారం నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. పంటు మాత్రం రోజంతా ఖాళీగా తిరిగింది. గ్రూపులో లేదని వచ్చింది కదా అని ఒక్కరూ రేవు ముఖం చూడలేదు.

మంగళవారం సంగతి నవ్వులాట కాదు. ఐదున్నర దాటినా గ్రూపులో ఏమీ రాకపోయేసరికి, లేకపోతే లేదని పెట్టేవాళ్ళు కదా, ఉండే ఉంటుందనుకుని సత్తెమ్మ పిన్ని బాబాయిని రేవుకు తీసుకొచ్చింది. తీరా చూస్తే పంటు కదిలే స్థితిలో లేదు. ఆటో దొరికి ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిదిన్నర. మిషను ఇంకొకరికి ఇచ్చేశారు. గురువారం రమ్మన్నారు. బుధవారం నేను వెళ్ళేసరికి బాబాయి పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్ళు దిమ్మల్లా వాచిపోయాయి.

"నీళ్ళు తీసెయ్యకపోతే గుండెల్లోకి ఎక్కేత్తాయంటమ్మా," అంది పిన్ని. "ఫోను సూత్తానే కూకున్నాను. ఎందుకు పెట్టలేదే?"

ఫారం ఇచ్చామని చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది.

మర్నాడే ఆఫీసుకు వెళ్ళి, 'ఈ రోజు' అన్నచోట తేదీ వేసుకోవచ్చా అని అడిగాను. ధర్మలింగం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆమోదించిన పాఠంలో అక్షరం మార్చినా అది కొత్త సందేశమే అగునమ్మా. కొత్త సందేశానికి కొత్త ఫారం."

ఉపాయం లోవరాజన్నయ్యకు తట్టింది. "మూడ్రోజులు పడతాదంటే మూడ్రోజులు ముందే అడుగుదాం. ఉందని ఒకటి, లేదని ఒకటి. రెండిటికీ అనుమతి తెచ్చుకుని దగ్గరెట్టుకుందాం. పొద్దున్నే నీళ్ళు సూసి ఏది నిజమైతే అది వదులుదాం."

"రెండో గడిలో ఏం రాయాలన్నయ్యా? నిజమేనా అని అడుగుతారుగా?"

"రెండిటికీ అవుననే రాయి. ఏదోటి అవుతాది కదా."

రోజుకు రెండు చొప్పున వచ్చే రెండు నెలలకూ రాశాను. నా దస్తూరి అప్పుడు అక్కరకొచ్చింది. కార్బన్ కాగితాలతో వేళ్ళన్నీ నీలం. అనుమతులన్నీ వచ్చాయి. ఒక్కో ఫారాన్నీ విడిగా చూస్తే ఏ తప్పూ లేదు మరి. ఆఫీసులో ఏ ఫారాన్నయినా విడిగానే చూస్తారు. మళ్ళీ ఐదింటికల్లా కబురు రావడం మొదలైంది. సత్తెమ్మ పిన్ని బాబాయిని వేళకు తీసుకెళ్తోంది. ఆయన కాళ్ళ వాపు తీసింది.

ఈ సంగతి తెలిసి లంకలో అందరూ ముందస్తు అనుమతుల కోసం మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. గేదె తప్పిపోయిందని ఒకటి, దొరికిందని ఒకటి. గ్యాసు బండి వచ్చిందని, రాలేదని. పెళ్ళి కుదిరిందని, తప్పిపోయిందని. అందరికంటే తొందరగా వచ్చినవాడు ఎనభై నాలుగేళ్ళ గంగయ్య తాత.

"నేను పోయినట్టు ఓటి రాసెయ్యవే," అన్నాడు అరుగు మీద కూర్చుంటూ.

"అదేం మాట తాతా!"

"మాటేటి? నేను పోయాక ఫారం ఎట్టి మూడ్రోజులాగి సెప్తే ఎవడొత్తాడు? అందాకా నన్ను ఏం సేత్తారు, ఎండబెడతారా?"

ఆయనే చెప్పాడు, నేను రాశాను. 'గంగయ్య గారు ఈ రోజు ఉదయం పరమపదించారు. మంచి మనిషి.' 'మంచి మనిషి' అన్నది ఆయన పట్టుబట్టి చేర్పించిన మాట. రెండో గడి దగ్గర కలం ఆగింది.

"నిజమేనా అంటున్నారు తాతా, ఏం రాయను?"

"ఇయ్యాల కాదు గానీ, అబద్దం మాత్తరం కాదు. అవునని రాయి."

సాక్షుల్లో ఒకడిగా తనే సంతకం పెట్టాడు. ఫారం నాలుగో రోజున తిరిగొచ్చింది. అడుగున ధర్మలింగం గారి దస్తూరితో, 'ప్రగాఢ సంతాపంతో ఆమోదించడమైనది' అని ఉంది. తాత దాన్ని పటం కట్టించి గోడకు తగిలించుకున్నాడు.

మార్చి ఇరవై నాలుగున రెండు ఉత్తరాలు ఒకే కవరులో వచ్చాయి. మొదటిది చదివి ఎగిరి గంతేశాం. జిల్లాలో అత్యధిక సందేశాలకు పూర్వానుమతి పొందినందుకు మా సంఘాన్ని ఉత్తమ బాధ్యతాయుత సంఘంగా ఎంపిక చేశారట. ముప్పై ఒకటో తేదీ ఉదయం తొమ్మిదింటికి ధర్మలింగం గారు స్వయంగా లంకకు విచ్చేసి షీల్డు ప్రదానం చేస్తారట.

రెండోది ఇది.

'మీ సంఘం ఆమోదం పొందిన సందేశములు నూట యాభై రెండు కాగా, ఈ నెల ముప్పై వరకు వినియోగించబోవునవి కలిపినను వినియోగం అరవై ఒకటి మాత్రమేనని పరిశీలనలో తేలినది. మిగిలిన తొంభై ఒక్క సందేశములను మార్చి ముప్పై ఒకటవ తేదీ ఉదయం తొమ్మిది గంటలలోగా గ్రూపునందు ఉంచవలెను. లేనిచో అవి మురిగిపోయినట్లు భావించి, సదరు సంఘం గుర్తింపు రద్దుచేసి, సదరు గ్రూపును మూసివేయించడమగును.'

నేను పరుగెత్తుకుంటూ ఆఫీసుకు వెళ్ళాను.

"సార్, మిగిలినవి నిజం కాని సందేశాలండి. నిజమైనవి వాడేశాం, కానివే మిగిలాయి."

ధర్మలింగం గారు బీరువాలోంచి మా కట్ట తెప్పించి ఒక ఫారం తీశారు. "నిజం కాదంటావేమమ్మా? రెండో గడిలో అవునని రాసినది ఎవరు?"

"నేనేనండి."

"ఆమోదించినది ఎవరు?"

"మీరేనండి."

"మనిద్దరం అవునన్నాక కాదనడానికి ఆ పంటెవరు?"

కనీసం ఆ రోజు వచ్చేవి నమ్మవద్దని జనాన్ని ముందుగా హెచ్చరించవచ్చా అని అడిగాను.

"హెచ్చరిక కూడా సందేశమే. ఫారం ఇవ్వు. అయితే ఆర్థిక సంవత్సరాంతం కనుక కొత్త ఫారములు ఏప్రిల్‌లోనే తీసుకుంటాం." ఆయన గొంతు తగ్గించి, ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టుగా అన్నారు: "చూడమ్మా, అనుమతి తీసుకుని వాడకపోతే నాకు మాట వస్తుంది. ఎందుకు ఇచ్చావంటారు. వచ్చే ఏడు మన జిల్లాకు సందేశాలు తగ్గించేస్తారు."

తిరిగొచ్చి లోవరాజన్నయ్యకు చెప్పాను. ముప్పై ఒకటి మంగళవారమని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. పెట్టకపోతే గ్రూపు పోతుంది, ఇక ఏ మంగళవారమూ కబురుండదు. పెడితే ఆ ఒక్క మంగళవారం తొంభై ఒక్క అబద్ధాలు.

"ఫోనులో సెప్పడానికి కదా అనుమతి. నోటితో సెప్పడానికి ఎవడికి కావాలి?" అని సైకిలు తీశాడు అన్నయ్య.

సోమవారం పొద్దుట్నించీ పొద్దుగూకేదాకా లంకలో ఉన్న మూడొందల పైచిలుకు గడపలూ తిరిగాడు. రేపు ఫోనులో ఏది వచ్చినా నమ్మకండి, మేము పెట్టినా నమ్మకండి అని చెప్పాడు. 'మరి ఇన్నాళ్ళూ నమ్మమన్నావుగా' అని నిలదీసినవాళ్ళకు నిలబడి విడమరిచి చెప్పాడు. సాయంత్రానికి గొంతు పోయింది.

మంగళవారం ఐదు కాకముందే రేవుకు వెళ్ళి చూశాడు. పంటు మేట మీద ఒరిగి ఉంది. నేరుగా సత్తెమ్మ పిన్ని ఇంటికి వచ్చి గేటు దగ్గర సైకిలు గంట కొట్టి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు.

"పిన్నీ! పంటు లేదు. ఆటో మాటాడేశాను, వత్తన్నాది. బాబాయిని తయారు సెయ్యి."

ఐదున్నరకు ఆటో బయల్దేరింది. అది మలుపు తిరిగేదాకా చూసి నేను ఇంటికొచ్చి, ఫోను ముందేసుకుని, తొంభై ఒకటీ పెట్టడం మొదలుపెట్టాను.

పంటు ఉంది. పంటు లేదు. పంటు ఉంది. గేదె తప్పిపోయింది. పంటు లేదు. గ్యాసు బండి వచ్చింది. పెళ్ళి తప్పిపోయింది. ఆరూ నలభైకి గంగయ్య తాత పరమపదించారు. అది చూసి గంగయ్య తాతే అందరికంటే ముందు దండం బొమ్మ పెట్టాడు. లంకవాళ్ళకు ముందే తెలుసు కాబట్టి నవ్వుకుని ఊరుకున్నారు. పట్నంలో ఉన్న ఆయన వియ్యాలవారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. వాళ్ళు బంతిపూల దండ పట్టుకుని, వంతెన మీదుగా కారులో ఏడుస్తూ దిగారు. తాత ఆ దండ మెడలో వేయించుకుని, వాళ్ళకు కాఫీలిప్పించి, మంచి మనిషినని రాశారు చదివారా అని అడిగాడట.

తొమ్మిదింటికి నా ఫోను మోగింది. ధర్మలింగం గారు. అవతలి రేవులో జీపుతో, షీల్డుతో, ఫోటోగ్రాఫరుతో నిలబడి ఉన్నారు.

"ఏమమ్మా, పంటేదీ?"

"లేదండి."

"లేకపోవడమేమిటి? ఉన్నదని మీ గ్రూపులోనే వచ్చింది. ఆమోద సంఖ్యతో సహా వచ్చింది."

"లేదని కూడా వచ్చిందండి."

ఆయన కాసేపు లెక్క చూసుకున్నట్టున్నారు. "లేదన్నవి ముప్పై నాలుగు. ఉన్నదన్నవి నలభై. ఎక్కువ ఉన్నవాటినే పరిగణనలోకి తీసుకొనవలసి ఉంటుంది," అన్నారు.

పరిగణనలోకి తీసుకుని ఆయన పన్నెండింటి దాకా ఎండలో నిలబడ్డారు. మా ఒడ్డు నుంచి చూస్తే తెల్ల చొక్కా కనిపిస్తూనే ఉంది. షీల్డును నెత్తి మీద పెట్టుకున్నారని సరంగు అన్నాడు గానీ, అంత దూరం నా కంటికి ఆనలేదు. ఆ రోజు ఆయన రాసిన నివేదిక నకలు తర్వాత మాకూ వచ్చింది. 'పంటు ఉన్నది. అయితే కనిపించలేదు. ప్రదానోత్సవం జరిగినట్లుగా భావించడమైనది' అని ఉంది. షీల్డు పార్సిలులో వచ్చింది.

ఆ మంగళవారం ఎనిమిదింటికి బాబాయి మిషను మీద ఉన్నాడు.

ఏప్రిల్ రెండో వారంలో ధర్మలింగం గారు ముందుగా చెప్పకుండా లంకకు వచ్చారు. ఈసారి పొద్దుటి పంటు నిజంగానే ఉంది, దాని మీదే దాటారు. వచ్చింది విచారణకట. మా సంఘ అధ్యక్షుడు పూర్వానుమతి లేకుండా, నోటిమాట ద్వారా, ఇల్లిల్లూ తిరిగి సమాచారం వ్యాప్తి చేశాడని ఆఫీసుకు తెలిసింది. మార్చి ముప్పై ఒకటి తెల్లవారుజామున ఒక ఇంటి ముందు గట్టిగా అరిచాడని కూడా తెలిసింది. ఆ ఇల్లు చూపించమన్నారు. లోవరాజన్నయ్యా నేనూ వెంట వెళ్ళాం.

బాబాయి మంచం మీద కూర్చుని, రోజుకింతేనని డాక్టరు కొలిచిచ్చిన నీళ్ళను చిన్న గ్లాసుతో చప్పరిస్తున్నాడు. సత్తెమ్మ పిన్ని కుర్చీ తుడిచి వేసింది. ధర్మలింగం గారు కూర్చుని విచారణ ఫారం తీశారు.

"ఈ వ్యక్తి మీ గేటు వద్ద అరిచిన మాట వాస్తవమేనా?"

"అరిసాడండి."

"సదరు అరుపునకు అనుమతి ఉన్నదా అని మీరు అడిగారా?"

"లేదండి. ఆటో ఎక్కానండి."

"సదరు అరుపు వలన మీ కుటుంబానికి కలిగిన నష్టం వివరాలు చెప్పండి. ఆస్తి నష్టమా, మనోభావాల నష్టమా, ఇతరములా?"

సత్తెమ్మ పిన్ని చీర కొంగు నడుముకు దోపుకుంది. ఆవిడ గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు, అప్పుడూ వినలేదు.

"మా ఆయన బతికున్నాడండి, బాబూ. అది ఏ గడిలో రాత్తారో రాసుకోండి."

ధర్మలింగం గారు ఫారం మొత్తం చూశారు. వెనక్కి తిప్పి చూశారు. మళ్ళీ ముందుకు తిప్పారు. అలాంటి గడి లేదు. చివరికి 'వర్తించదు' అని రాసి, కింద గీత గీసి, కలం జేబులో పెట్టుకున్నారు. మంచం మీద బాబాయి గ్లాసులో మిగిలిన గుక్క తాగి, గ్లాసు బోర్లించాడు.

ధర్మలింగం గారు లేచి గడియారం చూసుకున్నారు. బయట ఎండ చండప్రచండంగా ఉంది. మధ్యాహ్నం మూడింటికి కలెక్టరు గారి సమావేశం ఉందని వచ్చేటప్పుడే చెప్పారు. వంతెన చుట్టు తిరిగితే అందదు. జీపు అవతలి రేవులో ఉంది.

"ఇప్పుడు తిరిగి వెళ్ళడానికి పంటు ఉందా?" అని అడిగారు. మొదటిసారి ఆయన మామూలు మనిషిలా మాట్లాడటం విన్నాను.

లోవరాజన్నయ్య చెప్పబోయాడు. నేను అతని మోచెయ్యి పట్టుకుని ఆపాను. సంచీలో ఇంకా నీలం ఫారాలు మిగిలి ఉన్నాయి. మూడు తీసి, మధ్యలో కార్బన్ కాగితాలు పెట్టి, సమంగా సర్ది, ఆయన చేతికిచ్చాను.

"ఇద్దరు సాక్షుల సంతకాలు మరిచిపోకండి సార్," అన్నాను.